మా సగటు పిన్ని

మా పిన్ని ఏ విషయమూ ఒంటరిగా తేల్చేది కాదు. కుడిపక్కవాళ్ళని ఒక మాట అడిగేది, ఎడమపక్కవాళ్ళని ఒక మాట అడిగేది, వాటికి తన మాట కలిపి మూడుతో భాగించేది. వచ్చిందే సత్యం. తలనొప్పికి మాత్ర వేసుకోవాలా వద్దా, కిటికీకి ఏ రంగు తెర కట్టాలి, ఇవాళ చలిగా ఉందా లేదా, అన్నిటికీ సగటే. అందరికీ పెద్ద పిన్నో చిన్న పిన్నో ఉంటుంది. మాకు సగటు పిన్ని ఉండేది. పేరు చూసి సగటు మనిషనుకునేరు. ఆవిడలో సగటన్నది ఆ పేరులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆవిడ మా అమ్మకి ఆఖరి చెల్లెలు. నాకన్నా మరీ పెద్దదేమీ కాదు. రేడియో ఇంజనీరు. ఇద్దరిదీ ఒకే పరిశోధన సంస్థ. పై అంతస్తులో ఆవిడ, కింద గ్రంథాలయంలో నేను. నేను మాటలు తక్కువ మనిషిని. చేతిలో పుస్తకముంటే అదే పదివేలు. అందుకని ఆవిడ సగటుల్లో నా వంతు వచ్చినప్పుడల్లా "నీ ఇష్టం పిన్నీ" అని తప్పించుకోబోయేవాణ్ణి.

"'నీ ఇష్టం' అనేది అంకె కాదురా," అనేది పిన్ని. "దాన్నెలా భాగించను? అంకె చెప్పు."

ఆ ఇంట్లో గడియారానికి సొంత బుద్ధి ఉండేది కాదు. పిన్ని రోజూ పొద్దున్నే కుడిపక్క టీచరమ్మని టైమెంతైందని అడిగేది. ఎడమపక్క దర్జీనీ అడిగేది. ఆ రెంటినీ తన గడియారంతో కలిపి ముల్లు తిప్పేది. చిక్కేమిటంటే దర్జీ ఇంట్లో గోడగడియారం ఏనాడో ఆగిపోయింది. ఆయన రోజూ దాన్ని తలెత్తి శ్రద్ధగా చూసి, అదే టైము చెప్పేవాడు. దాంతో పిన్ని ఇంట్లో కాలం లోకంకన్నా నింపాదిగా నడిచేది.

బాబాయికి కళ్ళజోళ్ళ దుకాణం. పాపం ఆ మనిషి పొద్దున్నే పరుగున వెళ్ళి, ఉత్త రోడ్డు చూసి తిరిగొచ్చేవాడు.

"ఏమోయ్, బస్సెళ్ళిపోయింది!"

"మన లెక్కలో ఇంకా రాలేదండీ."

"బస్సువాడికి మన లెక్కతో ఏం పనే? ఆ దర్జీ గడియారం ఆగిపోయింది! దాన్ని వదిలేయ్!"

"ఎలా వదిలేస్తాను? ఆయన అంత ఓపిగ్గా చూసి చెబుతుంటే," అనేది పిన్ని.

బాబాయి దుకాణంలో గడియారం ఒకటి, ఇంట్లో గడియారం ఒకటి, మధ్యలో ఊహ ఒకటి పెట్టుకుని బతకడం నేర్చుకున్నాడు.

అసలు వాళ్ళ పెళ్ళి కూడా సగటు మీదే జరిగింది. పెళ్ళి చేసుకుంటావా అని బాబాయి సూటిగా అడిగితే, పిన్ని సిగ్గుపడకుండా, కోప్పడకుండా "పక్కవాళ్ళని అడిగి చెబుతాను" అందట. మర్నాడు వచ్చి, "పదికి మార్కులు వేయించాను. ఒకరు ఎనిమిదేశారు, ఒకరు నాలుగేశారు. నాది కలిపి సగటు ఏడొచ్చింది. చేసుకోవచ్చు" అంది. బాబాయి ఒక్క క్షణం నీరుగారిపోయాడు. అంతలోనే వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. ఎనిమిదీ నాలుగూ పన్నెండు. సగటు ఏడు రావాలంటే మొత్తం ఇరవైయొకటి. అంటే ఈవిడ మార్కు తొమ్మిది! ఆ తొమ్మిది తలకెక్కి బాబాయి ఆ రోజునుంచీ ఛాతీ ముందుకు పెట్టి నడిచేవాడు. నాలుగేసింది టీచరమ్మ అని ఎలాగో కూపీ లాగాడు. ఆవిడకి చూపు సరిగా లేదేమోనని ఉచితంగా కళ్ళజోడు చేసిచ్చి, మళ్ళీ ఎదురుగా నిలబడి మార్కులడిగాడు.

"ఇప్పుడు స్పష్టంగా కనబడుతున్నారు," అందట టీచరమ్మ. "మూడు."

కూరలో ఉప్పు సంగతి చెప్పకపోతే పిన్ని ఉద్యోగం మీకు అర్థం కాదు. టీచరమ్మకి రక్తపోటు, చిటికెడు చాలంటుంది. దర్జీకి నాలుక మొద్దు, గుప్పెడు వేయమంటాడు. పిన్ని మధ్యస్థంగా వేసేది. ఈవిడ అడుగుతుంటే ఊరుకోవడం బాగుండదని వాళ్ళూ ఈవిణ్ణి అడగడం మొదలుపెట్టారు. వాళ్ళ అవతలి పక్కవాళ్ళు వాళ్ళని అడిగారు. కొన్నాళ్ళకి మా వీధి మొదట్నుంచి చివరిదాకా ఏ ఇంట్లో కూర రుచి చూసినా ఒకటే ఉప్పు! ఎవరూ ఆజ్ఞ వేయలేదు, ఎవరూ వీధికి పెద్దరికం చేయలేదు. చివరింటివాళ్ళకి మొదటింటివాళ్ళ మొహం కూడా తెలియదు. ఉప్పు మాత్రం కలిసిపోయింది.

సంస్థలో పిన్ని చేసేది సరిగ్గా ఇదే, ఉప్పు బదులు తేమ. మా గ్రంథాలయం నేలమాళిగలో పాత పుస్తకాలుండేవి. వాటికి చెమ్మ శత్రువు. పిన్ని జట్టు ఆ బీరువాల మధ్య అరచేతంత పెట్టెలు అమర్చింది. ప్రతి పెట్టె తన చుట్టూ గాలి చూసుకుని, చెమ్మ ఎప్పుడు పెరుగుతుందో, ఫ్యాను ఎప్పుడు తిప్పాలో సొంతంగా నేర్చుకుంటుంది. నేర్చుకున్నది రేడియోలో పక్క పెట్టెకి చెబుతుంది, పక్కదాని మాట తను వింటుంది, రెండూ కలిపి సగటు తీసుకుంటుంది. అలా నేలమాళిగంతా ఒక మాట మీదికి వస్తుంది. అందరికీ చెప్పే పెద్ద యంత్రమంటూ మధ్యలో ఒకటుండదు.

"మధ్యలో ఒక పెద్ద ఉంటే బాగుండేదేమో కదమ్మా?" అని మా పెద్దసారు ఒకసారి అడిగారు. సంస్థకి ఆయనే అధిపతి. గొంతు కంచు. ఆయన రహస్యం చెబితే కింద అంతస్తులో నేను విని తలూపేవాణ్ణి.

"పెద్ద కునుకు తీస్తే అందరం కునుకు తీయాలి సార్," అంది పిన్ని. పెద్దసారు ఆ తర్వాత మూడు సమావేశాలు కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చున్నారు.

ఈ రేడియో మాటలకి ఒక నియమముంది. రెండు పెట్టెలు ఒకేసారి మాట్లాడితే రెండు మాటలూ గాలిలో గుద్దుకుని, వినేవాడికి ఏదీ దక్కదు. పిన్ని ఈ నియమాన్ని మనుషులకీ పెట్టింది. ఎక్కడైనా ఇద్దరు ఒకేసారి నోరు విప్పితే చెయ్యెత్తి "ఢీ!" అనేది. "రెండూ గుద్దుకున్నాయి, రెండూ పోయాయి. ఒకరి తర్వాత ఒకరు మళ్ళీ చెప్పండి." మా అమ్మా, పెద్దమ్మా కలిసి మాట్లాడుకునే ఇంట్లో ఆవిడ చెయ్యి కిందికి దిగేదే కాదు. "ఇదేం పిల్లే, పోట్లాడుకోనివ్వదు కూడా!" అనేది మా అమ్మ.

అంతా సవ్యంగా ఉండగా, ఉన్నట్టుండి పెట్టెలకి మధ్యాహ్నపు జబ్బు పట్టుకుంది. పొద్దున అన్నిటిదీ ఒకే మాట. భోజనాల వేళ దాటేసరికి రెండు ముఠాలు. గుమ్మం వైపు పెట్టెలు పొడిగా ఉందంటాయి, గోడ మూల పెట్టెలు చెమ్మగా ఉందంటాయి. ఒకదాని మాట ఒకదానికి అందదు. అటు ఫ్యాన్లు ఒకలా, ఇటు ఫ్యాన్లు ఒకలా తిరిగి, మధ్యలో నిలబడ్డ నా చేతిలో పేజీలు నా అనుమతి లేకుండా తిరిగేవి. సాయంత్రానికి మళ్ళీ రాజీ.

ఇంజనీర్లంతా పరికరాలు పట్టుకుని పొద్దున్నుంచి నేలమాళిగలో కాపు కాసేవారు. జబ్బు జాడ ఉండేది కాదు. ఆకలేసేది. లేచి, అన్నాలు వేడి చేసుకుని, తిని, చెయ్యి కడుక్కుని దిగేసరికి జబ్బు వచ్చి కూర్చునేది.

"మనం లేని టైము చూసి వస్తోందండీ!" అనేవారు.

ఆ మూల పెట్టెలు చూసుకునేది ఒక అమ్మాయి. చేరి రెండేళ్ళైనా అందరూ కొత్తమ్మాయి అనేవారు. తెలివైన పిల్ల. మాట మాత్రం మొదటి అక్షరం దగ్గర పట్టేసేది. కాస్త ఆగితే వచ్చేది. కానీ ఆగేవాళ్ళేరి? ఆ అమ్మాయిది తాత్కాలిక ఉద్యోగం. పెద్దసారు సమావేశంలోనే చెప్పేశారు: "నెలాఖరు సమావేశానికల్లా ఈ మూల జబ్బు తేలాలి. తేలకపోతే మూల పెట్టెలు పీకేద్దాం. వాటిని చూసుకునే పోస్టూ ఉండదు." ఆ అమ్మాయి ఎదురుగానే అన్నారు. ఆయనకి తన గొంతు ఎంతదూరం పోతుందో తెలియదు, ఎంత లోతుకి దిగుతుందో అసలే తెలియదు.

ఆ అమ్మాయి లేచింది. "సార్, అది మ... మ..."

"మోటారు!" అన్నారు పెద్దసారు. "లిఫ్టు మోటారు! భేష్, నాకూ అదే అనుమానం."

"ఢీ!" అంది పిన్ని చెయ్యెత్తి. అప్పటికే పెద్దసారు లిఫ్టు ఆపమని ఫోన్లో చెప్పేస్తున్నారు. వారం పాటు సంస్థంతా మెట్లెక్కింది. పెద్దసారు గది ఆఖరి అంతస్తులో. ఆయన ఎక్కి వచ్చేసరికి సంతకం పెట్టే ఓపిక ఉండేది కాదు. జబ్బు మాత్రం హాయిగా కిందే ఉంది.

మరుసటి సమావేశంలో ఆ అమ్మాయి మళ్ళీ లేచింది. "అది కాదు సార్. మ... మ..."

"మబ్బులు!" అన్నారొక ఇంజనీరు. "మధ్యాహ్నం మబ్బు పడితే గాలిలో తేడా వస్తుంది!"

"ఢీ!" అంది పిన్ని. ఎవరూ వినలేదు. ఇద్దరు పెద్ద చదువులవాళ్ళు మేడెక్కి, గొడుగు కింద కూర్చుని, మబ్బులు లెక్కపెట్టారు. ఒకాయనకి ముక్కు ఎండకి కమిలింది.

ఈ మధ్యలో మంచి పని ఒకటి జరిగింది. సలహాల డబ్బాలో ఎవరో చీటీ వేశారట, 'మధ్యాహ్నం ఓవెన్ వల్ల చాలా ఇబ్బంది, గమనించగలరు' అని. పెద్దసారు ఉదారంగా క్యాంటీన్‌కి రెండో ఓవెన్ కొనిపించారు. రిబ్బను కట్టి, తనే కత్తిరించి, తన అన్నం డబ్బానే మొదట పెట్టారు. "ఇక క్యూలో నిలబడే బాధ లేదు!" అంటే అందరం చప్పట్లు కొట్టాం. విచిత్రంగా ఆ రోజునుంచి నేలమాళిగ జబ్బు ముదిరింది. రెండు ముఠాలు కాస్తా నాలుగయ్యాయి.

పిన్ని ఈ నెలంతా ఏం చేసిందంటే, సగటు తీసింది. ప్రతి సమావేశంలోనూ "ఒక్కొక్కరే కారణం చెప్పండి, అన్నీ కలుపుదాం" అనేది. మోటారునీ మబ్బునీ కలిపి ఎలా భాగిస్తారో ఆవిడకే తెలియాలి. ఎప్పుడూ ఆఖరి వంతు కొత్తమ్మాయిదే వచ్చేలా కూర్చోబెట్టేది. ఎప్పుడూ ఎవడో ఒకడు మధ్యలో దూరేవాడు. ఆవిడ "ఢీ!" అనేది. గంట అయిపోయేది. అందరూ ఆవిడ చాదస్తానికి నవ్వుకుంటూ లేచేవారు.

నెలాఖరుకి ఒక్క రోజుందనగా నాకు జీవితంలో అరుదుగా వచ్చే కోపం వచ్చింది. పిన్ని గదికి వెళ్ళాను.

"ఆ పిల్ల ఉద్యోగం పోతుంటే నువ్వు సగటు తీస్తూ కూర్చుంటావా? ముప్పై ఏళ్ళ అనుభవం నీది! నువ్వైనా బుర్ర పెట్టి ఆలోచించొచ్చుగా?"

పిన్ని నావంక ఆసక్తిగా చూసింది. "నీ కోపం పదికి ఎంతుంటుందిరా?"

"పిన్నీ!"

"సరే, ఎనిమిదనుకుంటాను. రేపు భోజనం ముందు పెట్టించాను సమావేశం. నువ్వూ రా. పుస్తకం తెచ్చుకోకు."

భోజనం ముందు ఎందుకో అక్కడ కూర్చున్నాక తెలిసింది. ఆకలి మీదున్న మనిషి మాట పొదుపుగా వాడతాడు. పిన్ని లేచి నియమం చెప్పింది: "ఇవాళ ఆఖరి సగటు. ఒక్కొక్కరూ ఒక్క కారణం. ఒకరిది పూర్తయ్యేలోపు ఇంకొకరు నోరు విప్పితే ఢీ కింద లెక్క, మళ్ళీ మొదటివాళ్ళ దగ్గర్నుంచి మొదలు. అందరిదీ పూర్తయితేనే భోజనం."

మొదటి చుట్టులో పెద్దసారే అడ్డం దూరారు. "ఢీ!" మళ్ళీ మొదలు. రెండో చుట్టు కొత్తమ్మాయి దాకా వచ్చింది. "మ..." అనగానే మబ్బులాయన "అదే, నేను చెప్పలా..." అన్నాడు. "ఢీ!" గది నలుమూలల నుంచి మూలుగులు. మబ్బులాయన్ని అందరూ తినేసేలా చూశారు. క్యాంటీన్‌నుంచి వాసన వస్తోంది. పెద్దసారు కడుపు ఆయన గొంతుతోనే ఒక మాట అంది.

మూడో చుట్టు. అందరూ మర్యాదస్తులైపోయారు. మోటారు, వైర్లు, మబ్బులు, పాత గోడ. చకచకా అయిపోయాయి. కొత్తమ్మాయి లేచింది.

"మ..." అంది. ఎవరూ కదల్లేదు. "మ... మ..." పెద్దసారు నోరు తెరవబోయి, రెండు చేతులతోనూ మూసుకున్నారు. ఆ అమ్మాయి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆగింది. ఊపిరి పీల్చుకుంది. మేమందరం ఆ అమ్మాయితోపాటు పీల్చుకున్నాం.

"మైక్రోవేవ్," అంది.

ఆ ఒక్క మాటా గడప దాటాక మిగతావి తోసుకుంటూ వచ్చేశాయి. ఆ మూలకి సరిగ్గా పైనే క్యాంటీన్. వేడిచేసే ఆ ఓవెన్లు వాడే తరంగమూ, మన పెట్టెలు మాట్లాడుకునే తరంగమూ దాదాపు ఒకటే. ఓవెన్ నడిచినంతసేపూ పెట్టెల చెవిలో హోరు. ఒకదాని మాట ఒకదానికి వినపడక ముఠాలవుతున్నాయి. మనం కాపు కాసేటప్పుడు జబ్బు రాదు, కాపు మాని అన్నాలు వేడిచేసుకుంటేనే వస్తుంది. ఆ చీటీ కూడా తనే వేసింది.

గదిలో అందరూ రేడియో పండితులే. అందరూ నెల రోజులుగా వేడన్నం తిన్నవాళ్ళే. ఎవరి చూపూ ఎవరితోనూ కలవలేదు.

"మరి నోటితో 'ఓవెన్' అనొచ్చు కదమ్మా, తేలిగ్గా?" అన్నారు పెద్దసారు, మొట్టమొదటిసారి చిన్న గొంతుతో.

"అదీ ప్రయత్నించాను సార్. 'ఓ...' అనగానే మీరు 'ఓహో, ఒప్పుకున్నావా' అన్నారు."

అప్పటికప్పుడే అందరం నేలమాళిగకి దిగాం. ఓవెన్లు ఆపి చూస్తే పెట్టెలన్నిటిదీ ఒకటే మాట. పైన పెద్దసారు డబ్బా పెట్టి మీట నొక్కగానే ముఠాలు. తీయగానే రాజీ. నమ్మకం కుదరక పెద్దసారు మళ్ళీ మళ్ళీ చేయించారు. ఆఖరికి ఆయన అన్నం మాడి బొగ్గయింది. ఆ బొగ్గు డబ్బా చేత్తో పట్టుకునే, "ఈ అమ్మాయి ఉద్యోగం ఇవాళ్టినుంచి ఖాయం" అన్నారు. ఈసారి ఆయన గొంతు అంతదూరం పోవడం అందరికీ బాగుంది. ఓవెన్లని అవతలి భవనానికి పంపించారు.

ఆ సాయంత్రం నేను మిఠాయి పొట్లంతో పిన్ని ఇంటికి వెళ్ళాను. బాబాయి అరుగు మీద కూర్చుని కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఆ పిల్ల ఎంత బాగా కనిపెట్టింది బాబాయ్! మా అందరికీ తట్టలేదు. పిన్నికి కూడా."

బాబాయి తుడవడం ఆపాడు. "మీ పిన్నికా? జబ్బు మొదలైన రోజే ఇంటికొచ్చి, 'ఏమండీ, మా వాళ్ళ అన్నం వేడెక్కితే నా పెట్టెలకి చెవుడొస్తోంది' అని పడీపడీ నవ్విందిరా. నేను ఎవరితోనూ అనకూడదట."

నేను సరాసరి వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని గిన్నెలు సర్దుతోంది.

"నీకు మొదటి రోజే తెలుసటగా!"

"రేడియో పని ఇన్నేళ్ళు చేసి, ఓవెన్ హోరు పోల్చుకోలేకపోతే నాకు జీతమెందుకురా?"

"మరి చెప్పలేదే? వారం పాటు మెట్లెక్కించావు! పెద్దసారు ఆయాసంతో పోతే?"

"ఆయనకి మంచిదేలే, బరువు తగ్గారు." పిన్ని గిన్నె మీద గిన్నె బోర్లించింది. "నేను చెబితే పెట్టెలు బాగుపడేవి. ఆ పిల్లో? 'అంతా ఆవిడే చూసుకుంటోంది, ఈ అమ్మాయెందుకు' అని పంపేసేవారు. ఆ మాట ఆ పిల్ల నోట్లో ఉంది. మొదటి సమావేశంలోనే ఉంది. రానివ్వాలంతే. నేనెందుకు తోసుకుపోవాలి? నా ఉద్యోగం ఎప్పుడో ఖాయమైంది."

"ఇవాళ కూడా రాకపోయుంటే?"

"ఆ అమ్మాయి నాకు ముందే చెప్పిందని అందరిముందూ చెప్పేసేదాన్ని."

"చెప్పిందా?"

"లేదు. అబద్ధమే ఆడేదాన్ని."

"ఎవర్నడిగి తేల్చుకున్నావు అబద్ధమాడాలని? టీచరమ్మనా, దర్జీనా?"

పిన్ని గబుక్కున గుమ్మం వైపు చూసింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ నా దగ్గరకొచ్చి, గొంతు తగ్గించింది.

"ఎవర్నీ అడగలేదురా. నేనొక్కదాన్నే తేల్చేసుకున్నాను. ఈ సంగతి బయట అనకు, వీధిలో నా పరువు పోతుంది!"